ఎర్ర గుండ్లు నలభై

తాడిమెట్ట,
గన్నవరం తాలూకా.
4–5–1948

చిరంజీవి అంకమ్మరావుకు చౌడయ్య ఆశీర్వదించి వ్రాసేది.

మేమిద్దరం పొద్దుగూకకముందే ఇల్లు చేరాం. మీ అక్క చౌడేశ్వరమ్మ దారంతా తమ్ముడి గురించీ మరదలు రావమ్మ గురించీ మాట్లాడుతూనే వచ్చింది. నాకు మాటలు రావని నీకు తెలుసు. అంతసేపు మీ ఇంట్లో కూర్చుని కూడా చెల్లెలు రావమ్మను సరిగ్గా పలకరించలేకపోయాను. బస్సు మీద ఆ నాటుబాంబు పడ్డాక ఆమెకు కుడిచెవి వినపడటం లేదని మీరు ముందే చెప్పారు. అయినా నేను పోయి కుడివైపే కూర్చున్నాను. ఎడమవైపు కూర్చోవలసిందని బండి ఎక్కాక తోచింది. ఈ మాట ఆమెతో చెప్పు.

ఇక్కడ కూడా భయంగానే ఉంది. నైజాం సరిహద్దు దాటి వచ్చిన మూక మనకు ఆరు మైళ్ళ దూరంలో రెండు ఇళ్ళు తగలబెట్టి, ఒక ముసలాయన్ని చంపి పోయింది. ఊళ్ళో పెద్దలంతా కలిసి సాయుధ పోలీసులు కావాలని అర్జీ పెట్టారు. దాని మీద మూడో సంతకం నాది. ఇరవై మంది వచ్చి బడిలో దిగారు. వాళ్ళు వచ్చిన రోజు నుంచి అందరం నిద్రపోతున్నాం. ఉన్నమాట చెప్పాలి.

ఒకటే చిక్కు వచ్చింది. పొద్దు పొడవకముందు వీధిలో నలుగురికి మించి ఉండకూడదన్నారు. పడుగును వీధి పొడుగునా చాపి గంజి పట్టించాలంటే పదిమంది కావాలి, అదీ ఎండ రాకముందే జరగాలి. ఎండలో పట్టిస్తే గంజి కుంచె మీదే ఆరిపోతుంది. నలుగురితో చేస్తుంటే పోగులు అంటుకుపోతున్నాయి. కొన్నాళ్ళు ఓర్చుకుందాం అని మా వీధి వాళ్ళకు నేనే చెప్పాను.

మంగళగిరి మగ్గాలకు అంచు నూలు కావాలన్నావు. ఎన్ని కావాలో కార్డు ముక్క వ్రాయి. మా అబ్బాయి రామలింగం ఎర్ర రంగు బాన కడిగి పెట్టుకున్నాడు.

చౌడయ్య


పటమట, బెజవాడ.
11–5–1948

పూజ్యులు బావగారికి, అక్కయ్యకు అంకమ్మరావు నమస్కారాలు.

మీ ఉత్తరం రావమ్మకు చదివి వినిపించాను. ఎడమవైపు కూర్చునే వినిపించాను. నవ్వింది. బస్సు సంగతి జరిగిన తర్వాత ఆమె నవ్వడం ఇదే మొదలు. అందుకని మీకు ముందు ఆ వార్త వ్రాస్తున్నాను.

రెండో వార్త. మా పేటలో శాంతి సంఘం పెట్టారు. వర్తకులం పదకొండుమందిమి, ఇద్దరు ప్లీడర్లు, ఒక డాక్టరు గారు. నన్ను మెంబరును చేశారు. నేను కాదనలేదు. కాదనడానికి నాకు మనసు ఒప్పలేదు. మీరు చూశారు కదా బావగారూ, కంచి చీర కట్టుకుని పెళ్ళికి పోయిన మనిషి రక్తం ముద్దయి తిరిగి వచ్చింది. ఆమె ఎవరికేం చేసింది? ఎవరో గోతాం చాటున బాంబు పెట్టుకుని బస్సుకోసం కాచుకున్నాడు. వాడు అంతకు ముందు ఎవరితోనో ఉత్తర ప్రత్యుత్తరాలు నడిపే ఉంటాడు. ఆ ఉత్తరం ఒక్కటి ముందే విప్పి చూసి ఉంటే రావమ్మకు రెండు చెవులూ ఉండేవి.

అందుకే మొన్న మీటింగులో, అనుమానం ఉన్న ఊళ్ళకు పోయే ఉత్తరాలు పోలీసువారు విప్పి చూడాలనీ, అనుమానం ఉన్నవాళ్ళను కోర్టు తిప్పలు లేకుండా లోపల ఉంచాలనీ తీర్మానం వస్తే, బలపరచింది నేనే. ప్లీడరు గారొకరు ఏదో సణిగారు. "అయ్యా, మీ ఇంట్లో అందరికీ చెవులు బాగానే ఉన్నాయి" అన్నాను. ఆయన కూర్చున్నారు. తప్పు చేయనివాడికి తన ఉత్తరం ఎవరు చదివితే ఏం? మీరూ నేనూ వ్రాసుకునే దానిలో ఏముంది, నూలు, గంజి, ఒంట్లో బాగు తప్ప?

అంచు నూలు సంగతి రామలింగానికి విడిగా కార్డు వ్రాసి ఇందాకే డబ్బాలో వేయించాను. రంగు ఈసారి ముదురుగా రావాలని మా మేనల్లుడికి మీరు కూడా చెప్పండి.

ఇట్లు మీ
అంకమ్మరావు


తాడిమెట్ట,
27–5–1948

చిరంజీవి అంకమ్మరావుకు,

రామలింగాన్ని తీసుకుపోయారు. శనివారం పొద్దున. రంగు బాన దగ్గర ఉన్నాడు. చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి. కడుక్కుని వస్తానన్నాడు. అక్కర్లేదన్నారు.

ఎందుకని అడిగాను. ప్రజల భద్రత అన్నారు. ఏం చేశాడని అడిగాను. అది రహస్యం అన్నారు. ఏ కోర్టుకు తీసుకుపోతారని అడిగాను. కోర్టు లేదు అన్నారు. మూడు మాటలు అడిగాను.

మొదట తాలూకా సబ్‌జైల్లో ఉంచారు. మర్నాడు కోడలు బాలత్రిపురసుందరి అన్నం పట్టుకుపోతే అక్కడ లేడన్నారు. దూరపు జైలుకు పంపారట. ఏ జైలో చెప్పలేదు. ఆ పిల్ల అన్నం తెచ్చి మళ్ళీ ఉట్టి మీద పెట్టింది. ఎవరూ తినలేదు.

నువ్వు సంఘంలో ఉన్నావు. పెద్దవాళ్ళు నీ ఎదురుగా కూర్చుంటారు. కారణం ఏమిటో కనుక్కో. విడిచిపెట్టమని అడగమనటం లేదు. కారణం చెబితే చాలు. వాడు తప్పు చేసి ఉంటే నేనే వాడి మొహం చూడను. చేయకపోతే చేయలేదని చెప్పుకోవడానికి ఏం చేశాడన్నారో తెలియాలి కదా.

కార్డు వ్రాశానన్నావు. ఇంతవరకు అందలేదు. వేరే వాళ్ళవీ ఆలస్యంగానే వస్తున్నాయి. కవర్ల మీద జిగురు తడిగా ఉంటున్నదని పోస్టు జీవరత్నం చెప్పాడు.

చౌడయ్య

ఈ ఉత్తరం విప్పిన అయ్యగారికి నమస్కారం. మీరు చదివాక దయచేసి తొందరగా పంపించండి. ఇది కొడుకు సంగతి.


పటమట,
6–6–1948

పూజ్యులు బావగారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. మీ ఉత్తరం చేరింది. చదివి ఎంతో విచారించాను. అక్కయ్యను ధైర్యంగా ఉండమని చెప్పగలరు.

ఇటువంటి సమయాల్లో మనం ప్రభుత్వం వారి కష్టం కూడా ఆలోచించాలి. దేశానికి స్వరాజ్యం వచ్చి ఏడాది కాలేదు. సరిహద్దు మండుతోంది. వంద మందిని పట్టుకుంటే అందులో ఒకరిద్దరు అమాయకులు ఉండవచ్చు. విచారణ మీద తేలుతుంది. తొందరపడి అర్జీలూ అవీ పెట్టడం మనవాడికే చెరుపు. మీరు ఊరుకోండి. నేను సమయం చూసి, తగినవారితో, తగిన విధంగా మాట్లాడతాను. మా సంఘంలో కూడా అన్నీ అడగడానికి వీల్లేదు. కొన్ని పైవారి సంగతులు.

కార్డు విషయం అడిగారు. వ్రాద్దామనుకుని మరిచిపోయానేమో. కొట్లో పని ఒత్తిడి. అంచు నూలు ఇప్పుడు అవసరం లేదు. ఆ సంగతి ఇక వ్రాయవద్దు. రంగు, మందు ఇత్యాదులు కూడా ఉత్తరాల్లో వ్రాయకుండా ఉంటే మంచిది.

నువ్వులనూనె డబ్బా ఒకటి రైల్లో పంపాను.

చిత్తగించవలెను.

అంకమ్మరావు


తాడిమెట్ట,
20–6–1948

అంకమ్మరావుకు,

ఈ ఉత్తరం జీవరత్నం చేతికి ఇవ్వలేదు. నూలు గుండు చుట్టేటప్పుడు మధ్యలో కాగితం మడత పెట్టి దాని మీద చుడతాం కదా. ఆ మడతే ఇది. కోడలు బాలత్రిపురసుందరి తెస్తుంది. గుండు విప్పమని చెప్పాను. తాతల నాటి నుంచీ చుడుతున్నాం, గుండులో రహస్యం పెట్టడం ఇదే మొదలు. ఇది మాకు చేతకాదు, వాళ్ళు నేర్పారు.

నేను ఇంత పొడుగు ఉత్తరం ఎన్నడూ వ్రాయలేదు. ఓపికగా చదువు.

మంగళవారం ఇన్‌స్పెక్టరు గారు పన్నెండుమందితో వచ్చారు. మా వీధిలో ఉన్న మగ్గాలన్నీ ఎత్తించారు. మగ్గం కింద కాళ్ళు పెట్టుకునే గుంట ఉంటుంది కదా, ఆ గుంటలన్నీ మోకాలి లోతు తవ్వించారు. పందొమ్మిది గుంటలు తవ్వారు. మీ అక్క కాపురానికి వచ్చిన కొత్తలో పోగొట్టుకున్న ముక్కుపుడక దొరికింది. ఇంకేం దొరకలేదు.

అప్పుడు నన్ను పిలిచారు. "ముసలాయనా, గుండ్లు ఎక్కడ దాచారు?" అన్నారు.

"అటక మీదండి" అన్నాను.

వాళ్ళంతా ఒక్కసారి లేచి నిలబడ్డారు. నాకు ఎందుకో తెలియలేదు.

"ఎన్ని?"

"ఎర్రవి ఇరవై ఆరండి. ఇంట్లో ఉన్న నూలుకు రంగు వేస్తుండగా వాణ్ణి తీసుకుపోయారు, మిగతాది కాలేదు."

ఇన్‌స్పెక్టరు గారు అందర్నీ వీధిలోకి పొమ్మన్నారు. పిల్లల్ని కూడా దూరంగా పంపమన్నారు. కుండలతో నీళ్ళు తెప్పించారు. ఒక కానిస్టేబులు నిచ్చెన ఎక్కి, మొహం పక్కకు తిప్పుకుని, చెయ్యి మాత్రం అటక మీదకు చాచి, బుట్ట కిందికి దింపాడు. దింపుతూ ఏదో దేవుడి పేరు చెప్పుకున్నాడు. బుట్ట నిండా నూలు గుండ్లు.

ఇన్‌స్పెక్టరు గారు ఒకటి తీసి నొక్కి చూశారు. "ఇవేమిటి?" అన్నారు. "గుండ్లండి" అన్నాను. "మరి మందో?" అన్నారు. "రంగు మందండి. పాళ్ళు రామలింగానికి తెలుసు" అన్నాను. ఆయన మొహం మారింది. జేబులోంచి చిన్న పుస్తకం తీసి అందులో చూసుకున్నారు. "తేలిపోకూడదు అంటే?" "రంగు వెలవకూడదండి." "చిక్కు పడకూడదు అంటే?" నేను నూలు వైపు చూపించాను.

ఆయన అరుగు మీద కూర్చున్నారు. చెడ్డవాడు కాదు. మంచినీళ్ళు అడిగి తాగారు. అప్పుడు చెప్పారు. బెజవాడ ముద్రతో ఒక కార్డు పట్టుబడిందట. కింద పేరు లేదట, మామయ్య అని మాత్రం ఉందట. అది ఎవరో పెద్ద నాయకుడి మారుపేరని పైన అనుకున్నారట. "ఇది నూలని నాకు తెలుస్తోంది. కాని కాగితం పైకి వెళ్ళిపోయింది. కోర్టులో కేసయితే మీరు ఈ బుట్ట తెచ్చి చూపించేవారు. కోర్టు లేదు కనక ఇది ఎవరికి చూపించాలో నాకే తెలియదు. వ్రాసినవాడు వచ్చి నాదేనని చెబితే ఏమన్నా జరగవచ్చు" అన్నారు.

తర్వాత అడిగారు. "ఈ మామయ్య ఎవరు?"

మా వీధిలో పెళ్ళయిన ప్రతివాడూ ఎవడికో ఒకడికి మామయ్యేనని మీ అక్క లోపలి నుంచి అన్నది. కానిస్టేబుళ్ళు నవ్వారు.

"రామలింగానికి మామయ్య ఎవరు? నువ్వు చెప్పు" అని నన్ను అడిగారు.

నేను మాట్లాడలేదు. రెండోసారి అడిగారు. తల వంచుకుని నిలబడ్డాను. అబద్ధం చెప్పలేదు, నోరు తెరవలేదు. నాది సిగ్గు అనుకున్నారు. పుట్టి అరవై ఏడేళ్ళయింది. నా సిగ్గు ఒక్కసారైనా అక్కరకు వచ్చింది.

నీ పేరు ఎందుకు చెప్పలేదో వింటావా. చెబితే నిన్ను కూడా ఇంట్లోంచి తీసుకుపోతారు. నిన్ను కూడా ఎవరూ ఏమీ అడగరు. అప్పుడు ఇది నూలని చెప్పడానికి బయట ఎవరూ ఉండరు. నీ అంతట నువ్వు నడిచిపోతే అది వేరు. నడిచి వచ్చినవాణ్ణి ఎందుకు వచ్చావని అడిగి తీరాలి.

కార్డు వ్రాయలేదేమో అన్నావు. నువ్వు వ్రాశావు. నాకు కోపం లేదు. నాది కూడా అర్జీ మీద మూడో సంతకం. కాని నేను కాపలా అడిగాను. వాళ్ళు మన నోళ్ళు కూడా పట్టుకుపోయారు.

నువ్వు వెళతావు. నాకు అనుమానం లేదు. నీ పదో ఏట నా మగ్గం మీద పడుగు కోసేసి, ఎవరూ అడగకముందే వచ్చి నేనే కోశాను బావా అన్నవాడివి నువ్వు. అప్పుడు నీకు మీసాలు కూడా లేవు.

చౌడయ్య


పటమట,
24–6–1948

బావగారికి, అక్కయ్యకు,

ఈ కవరు నేను అంటించలేదు. చదవదలచుకున్నవారు జిగురు తడుపుకోనక్కరలేకుండా చదవవచ్చు.

కార్డు నేనే వ్రాశాను. దానిలో ఉన్నది ఇది, ఒక్క అక్షరం పోకుండా జ్ఞాపకం ఉంది: "రామలింగానికి. ఎర్ర గుండ్లు నలభై సిద్ధం చేయి. మందు పాళ్ళు నీకు తెలుసు. పోయినసారిలా తేలిపోకూడదు. గురువారం గన్నవరంలో మా మనిషి కలుస్తాడు, మూట అతనికియ్యి. చిక్కు పడకుండా చూడు. ఇట్లు మామయ్య." కొట్లో నిలబడి, గల్లాపెట్టె మీద పెట్టుకుని వ్రాశాను. పేరు వ్రాయడానికి బద్ధకించాను. మేనల్లుడికి మేనమామ పేరెందుకు?

ఇంకా ఒకటి చెప్పాలి. అది చెప్పకపోతే మిగతాది చెప్పినట్టు కాదు.

మే ఇరవై మూడున మా సంఘం మీటింగు. ఇన్‌స్పెక్టరు గారొకరు వచ్చి, మన తీర్మానం వల్ల ఎంత మేలు జరిగిందో చూడండి అని, ఊరూ పేరూ చెప్పకుండా ఆ కార్డు చదివారు. ఎర్ర గుండ్లంటే బాంబులన్నారు. మందంటే తుపాకిమందన్నారు. తేలిపోవడమంటే పేలకపోవడమన్నారు. నిన్ననే ఒకణ్ణి పట్టుకున్నామన్నారు. మొదటి వాక్యానికే నాకు తెలిసిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు.

నేనూ కొట్టాను బావగారూ.

మీరు ఆ ఉత్తరం వ్రాసేటప్పటికే నాకు తెలిసి నాలుగు రోజులయింది. తెలిసి ఆ ఆరో తారీకు ఉత్తరం వ్రాశాను. దాన్ని మీరు ఉంచి ఉంటే పొయ్యిలో వేయండి.

మొన్న బాలత్రిపురసుందరి వచ్చి, నా మొహం చూడకుండా రావమ్మ ముందు కూర్చుని గుండు విప్పడం మొదలుపెట్టింది. ఇల్లంతా ఎర్ర నూలు. కాగితం చేతికి వచ్చింది. నేను మనసులో చదువుకుని మడిచేశాను. రావమ్మ ఊరుకోలేదు. "చెవి పోయినదాన్ని నేను, గొంతు పోయింది మీకా? పైకి చదవండి" అన్నది. ఎడమవైపు కూర్చుని చదివాను. అంతా అయ్యాక ఆమె అన్న మాట ఇది:

"నాకు చెవి పోగొట్టినవాణ్ణి పట్టుకోండి, ఉరి వేయండి, నేను వచ్చి చూస్తాను. అంతేగాని నా చెవి పేరు చెప్పి నా మేనల్లుణ్ణి లోపల పెట్టకండి. ఎవరిని పెట్టినా సరే అనలేదు నేను. అలా అన్నది మీరు."

అప్పటి నుంచి వంట చేస్తోంది, వడ్డిస్తోంది, మాట్లాడటం లేదు.

సోమవారం బందరు వెళుతున్నాను. జిల్లా పెద్ద అధికారి గారిని చూస్తాను. సంఘానికి రాజీనామా వ్రాయలేదు. మెంబరుగానే వెళ్ళి చెబుతాను. అలా అయితే గుమ్మం దాకా రానిస్తారు.

అంకమ్మరావు


తాడిమెట్ట,
26–6–1948

చిరంజీవి అంకమ్మరావుకు,

అందింది. ఈసారి తొందరగానే వచ్చింది.

ఆ ఇరవై ఆరు గుండ్లూ కోడలు పట్టుకుని బందరు వస్తున్నది. తోడు మీ అక్క. కట్టెల బండి మీద గన్నవరం వచ్చి అక్కడి నుంచి వస్తారు. బుట్ట మీద గుడ్డ కప్పొద్దని చెప్పాను.

పంచె ఉతికింది కట్టుకో. గట్టిగా మాట్లాడకు. ఉన్నది చెప్పు.

నీ పాత ఉత్తరం పొయ్యిలో వేశాను.

చౌడయ్య


పటమట,
17–7–1948

బావగారికి నమస్కారాలు.

నిన్న సాయంత్రం ఇల్లు చేరాను. మీకు అక్కయ్య కొంత చెప్పే ఉంటుంది. మిగతాది నేను వ్రాస్తున్నాను.

మొదటి రోజు గుమ్మంలోనే కూర్చున్నాం. రెండో రోజూ అంతే. బంట్రోతులు బుట్ట చూసి బేరం అడిగారు. మూడో రోజు లోపలికి పిలిచారు. అధికారి గారు పెద్ద ఫైలు తెరిచి పెట్టుకున్నారు. నేను నిలబడి, ఆ కార్డు వ్రాసింది నేనని చెప్పాను. చూడకుండా అక్షరం తప్పకుండా అప్పగించాను. ఆయన ఫైల్లో చూసుకుంటూ విన్నారు. కాగితమిచ్చి అదే మళ్ళీ వ్రాయమన్నారు. వ్రాశాను. రెండు రాతలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు.

బాలత్రిపురసుందరి అడక్కుండానే ఒక గుండు తీసి ఆయన బల్ల మీద పెట్టింది. "ఇందులో ఏముందో మీరే చూసుకోండి" అన్నది. ఆయనకు నిజంగానే అనుమానం ఉన్నట్టుంది. విప్పడం మొదలుపెట్టారు. ఎంతకీ తరగదు. గుమాస్తాను పిలిచి కొస పట్టుకోమన్నారు. గుమాస్తా వరండా దాకా పోయి తిరిగి వచ్చాడు. మళ్ళీ పోయాడు. అక్కయ్య "నాయనా, చిక్కు పడుతుంది, మెల్లిగా" అని మందలించింది. చివరికి మధ్యలో కాగితం మడత బయటపడింది. ఆయన మడత విప్పారు. పైకి చదివారు. "ప్రజలు భయపడవద్దు. శాంతి సంఘం మీకు అండగా ఉన్నది."

మేం మీ ఊళ్ళో పంచిన కరపత్రం బావగారూ. అక్షరాలు అచ్చు వేయించింది నేనే.

ఆయన నవ్వలేదు. నన్ను చూసి, "మీరు ఇరవై మూడున అదే మీటింగులో ఉన్నారు. అప్పుడే చెప్పకుండా దాచినందుకు మీ మీద చర్య తీసుకోవచ్చు, తెలుసా?" అన్నారు.

"తీసుకోండి. కాని ఇప్పుడు నన్ను అడిగినట్టు అడిగి తీసుకోండి. వాణ్ణి ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే, అది మా మామయ్య అంకమ్మరావు రాత అని మొదటిరోజే చెప్పేవాడు. మీకు ఇన్ని గుంటలు తవ్వే పని తప్పేది" అన్నాను.

మీరు గట్టిగా మాట్లాడవద్దన్నారు. కొంచెం గట్టిగానే వచ్చింది.

పదహారు రోజులు ఉంచారు. ఒక్కటే తేడా. ఎందుకు ఉంచారో కాగితం మీద వ్రాసి నా చేతికిచ్చారు. ఆ కాగితం రోజూ చదువుకునేవాణ్ణి. లోపల నాతో ఉన్న ఆరుగురికి అటువంటి కాగితం లేదు. నాది చూపించమని అడిగి చదివేవాళ్ళు. అందులో ఎవడు మంచివాడో ఎవడు బాంబులవాడో నాకు తెలియదు. తెలుసుకునే దారి వాళ్ళను పెట్టినవాళ్ళకు కూడా లేదు.

రామలింగాన్ని విడుదల చేయమని ఆర్డరు నా కళ్ళముందే సంతకం అయింది. వారం పది రోజుల్లో వస్తాడు.

మా సంఘం నన్ను తీసేసింది. నూలు కోటా కూడా ఆపుతారంటున్నారు. ఆపితే ఆపనీ. రావమ్మ రాత్రి అన్నంలో నెయ్యి వేస్తూ, "జైల్లో పప్పు ఎలా ఉంటుంది?" అని అడిగింది. ఇరవై నాలుగు రోజుల తర్వాత మొదటి మాట.

మీ
అంకమ్మరావు


తాడిమెట్ట,
2–8–1948

చిరంజీవి అంకమ్మరావుకు,

వాడు వచ్చాడు. శుక్రవారం మధ్యాహ్నం. చిక్కిపోయాడు. చేతుల ఎరుపు ఇంకా పూర్తిగా పోలేదు, గోళ్ళ దగ్గర ఉంది.

ఏమీ చెప్పలేదు, నా కొడుకే కదా. తిన్నగా రంగు బాన దగ్గరికి పోయాడు. వాడు లేనప్పుడు కోడలు తన అంచనాతో పధ్నాలుగు గుండ్లకు రంగు వేసింది. ఒకటి వెలుతురులో పెట్టి చూసి, "ఒక పాలు తక్కువైంది" అన్నాడు. "మీరు పాళ్ళు చెప్పకుండా పోయారు" అని ఆ పిల్ల దెబ్బలాడింది. దెబ్బలాడుతూ ఏడ్చింది. మీ అక్క నన్ను వీధిలోకి పొమ్మన్నది.

ఇక్కడ రూలు ఇంకా ఉంది. అయినా నిన్న తెల్లవారుజామున పడుగు చాపాం. నేను ఎవరినీ రమ్మనలేదు. నా పడుగు నేను తెచ్చి వీధిలో ఒక కొస కట్టాను. తలుపులు తెరుచుకున్నాయి. పదకొండుమందిమి అయ్యాం. కాపలా కానిస్టేబులు వచ్చి లెక్కపెట్టాడు. అటక మీది బుట్ట దింపినవాడే. "నలుగురికి మించకూడదు తాతా" అన్నాడు. "పడుగుకు పదిమంది కావాలి నాయనా" అన్నాను. ఆ మాట వాడి మొహం చూసే అన్నాను. వాడు పడుగుకు అడ్డంగా ఉందని తన సైకిలు తీసి గోడకు ఆనించుకున్నాడు. ఎండ వచ్చేలోపల గంజి పట్టించాం. ఒక్క పోగు అంటుకోలేదు.

కాపలా వద్దని నేను అనను. సరిహద్దు ఇంకా మండుతూనే ఉంది, వాళ్ళు ఉండాలి. కాని పట్టుకున్నవాణ్ణి ఎందుకు పట్టుకున్నారో చెప్పాలి. నలుగురి ముందు అడగాలి. ఇది పెద్ద చదువు మాట కాదు, నాకే తెలిసింది. నీతో లోపల ఉన్న ఆ ఆరుగురి పేర్లు నీకు జ్ఞాపకం ఉంటే, ఆనాడు సణిగి కూర్చున్న ప్లీడరు గారి దగ్గరికి పో. నేను సంతకం పెడతాను. ఈసారి మొదటి సంతకం.

వాళ్ళ పేర్లు ఉత్తరంలోనే వ్రాయి. గుండులో పెట్టకు.

చౌడయ్య


(పోస్టు కార్డు)
పటమట, బెజవాడ.
9–8–1948

రామలింగానికి,

ఎర్ర గుండ్లు నలభై సిద్ధం చేయి. మందు పాళ్ళు నీకు తెలుసు. పోయినసారిలా తేలిపోకూడదు. గురువారం గన్నవరంలో మనిషి కలుస్తాడు. ఆ మనిషిని నేనే. వచ్చేటప్పుడు ప్లీడరు గారి అర్జీ తెస్తాను. ఆరు పేర్లూ జ్ఞాపకం ఉన్నాయి, అందులో వ్రాశాం. మొదటి సంతకానికి చోటు ఖాళీగా ఉంచాం, మీ నాన్నతో చెప్పు.

ఇట్లు మామయ్య,
అనగా నీ తల్లి చౌడేశ్వరమ్మకు స్వయానా తమ్ముడు, అంకమ్మరావు, బట్టల కొట్టు, పెద్ద బజారు మలుపు, పటమట. ఉదయం ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా కొట్లోనే ఉంటాను. ఎవరైనా వచ్చి అడగవచ్చు.